ఊరికి వినబడని గొంతు

పోయిన వారం మనం సత్యవాణిని రాజమండ్రి దానవాయిపేటలో, మైదానం రేడియో యజమాని శశిభూషణ్ గదిలో వదిలి వచ్చాం. ఆమె నోటి నుంచి అప్పుడే ఒక మాట జారింది: ‘నేనే’. ఇండియాలో వినబడకూడని క్రికెట్ కామెంటరీ సముద్రపు ఒడ్డున మొగలిపాలెంలో మైకుసెట్టు మీద ఊరంతటికీ వినబడుతోందనీ, ఇక్కడ వినబడకుండా దానికి వేసిన తాళం తీసింది ఎవరో చెప్పమనీ శశిభూషణ్ అడిగాడు. తీసింది సౌండు చూసుకునే మణిశంకర్. అతని భార్యకి నెలలు నిండాయి. అందుకని సత్యవాణి ‘నేనే’ అంది.

నింద నెత్తిన వేసుకోవడం తేలికే, దాన్ని మోసుకుని ఎక్కడికి పోవాలన్నదే కష్టం. శశిభూషణ్ కేకలేసే మనిషైతే ఆమెకి కొంత నయంగా ఉండేది. తనూ నాలుగు కేకలేసి బయటికి వచ్చేసేది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, వియ్యంకుడితో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడాడు.

“సత్యవాణి గారూ, మిమ్మల్ని తిట్టడానికి పిలవలేదండి. మనకున్నది ఇండియా బయట వినిపించుకునే హక్కు మాత్రమే. ఇక్కడి హక్కు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళ కంట్లో ఆ వీడియో పడింది. సాయంత్రం మ్యాచ్ మొదలయ్యేలోపు ఆపిస్తానని నేను మాటిచ్చాను. మళ్ళీ మీ గొంతు ఆ ఊళ్ళో మైకులో వినబడి, దాన్ని ఎవరో ఒకరు వీడియో తీసి పెట్టారంటే రేడియో మూసేసుకోవడమేనండి. నేనూ, మీరూ, వీరబ్రహ్మం గారూ, మణిశంకరూ, అందరం ఇంటికే.”

“ఇవాళ నా సీట్లో ఎవరు కూర్చుంటారండి?”

“వీరబ్రహ్మం గారు. రేపటి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఊరు వెళ్ళి రండి.”

మైదానం రేడియో అంటే మేడ మీద ఒక గది. గోడలకి పాత పరుపులు బిగించి ఉంటాయి. తెర మీద ఆట చూస్తూ లోపల కూర్చున్నవాళ్ళు తెలుగులో చెబుతారు. అది ఇంటర్నెట్‌లో పోతుంది. దుబాయ్‌లో క్రేను నడిపేవాడు వింటాడు, సింగపూర్‌లో ఓడలకి రంగులేసేవాడు వింటాడు, మస్కట్‌లో వంట చేసుకుని బతికే ఆడవాళ్ళు వింటారు. ఆ గదికి కూతవేటు దూరంలో ఉన్న టీ కొట్టువాడు నొక్కితే మాత్రం ‘ఈ ప్రసారం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని అక్షరాలు వస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సత్యవాణికి రచ్చ గెలవడానికి అనుమతి ఉంది, ఇంట గెలవడానికే లేదు.

ఆమె ఇల్లంటే అన్న యుగంధర్. వేటకి పోయిన బోటు మీద వంట సిలిండర్ పేలి అతని రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాత మాట్లాడడమూ మానేశాడు. పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకప్పుడు ఒడ్డున వల లాగుతుంటే పాలెం అంతా నవ్వేట్టు కామెంటరీ చెప్పిన మనిషి అతను. ‘ఎడంపక్క నుంచి బుల్లియ్య లాగుతున్నాడు, కాలు జారింది, నిలదొక్కుకున్నాడు, వలలో ఏదో పెద్దదే ఉందండోయ్!’ అనేవాడు. సత్యవాణి నేర్చుకున్నది ఆ బడిలోనే. ఆమె నోట బంతి ఫీల్డర్ల మధ్య నుంచి చిరుగు వలలోంచి చేప జారినట్టు జారుతుంది. ఆ మాట వింటే మస్కట్ వంటగదుల్లో గరిటెలు ఆగిపోతాయట. ఇన్ని దేశాలు విన్న ఆ గొంతుని, దానికి మాట నేర్పిన అన్న వినలేదు.

ఆ సంగతి తెలిసే మణిశంకర్ జాలిపడ్డాడు. సత్యవాణి వదిన తలుపులమ్మ ఫోన్‌లో ఒక యాప్ వేసి పెట్టాడు. ఫోను మొగలిపాలెంలో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నానని రేడియోని నమ్మిస్తుంది ఆ యాప్. ‘చెవిలో పెట్టి వినిపించండి, తలుపేసుకుని వినిపించండి’ అని చెప్పిందే చెప్పాడు. మొదటి రోజు మ్యాచ్ అయ్యాక తలుపులమ్మ ఫోన్ చేసి, “మీ అన్న నవ్వేడమ్మా” అంది. ఆ ఒక్క నవ్వు కోసం సత్యవాణి ఎంత దొంగతనానికైనా సిద్ధమే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది. ఇప్పుడు కడుక్కోవడానికి బస్సెక్కింది.

కడియం దగ్గర మొక్కల లారీలు అడ్డంపడి బస్సు చాలాసేపు ఆగింది. పక్క రాష్ట్రాలకి పోయే మొక్కలు టార్పాలిన్ కిందనుంచి తలలు బయటపెట్టి ఊగుతున్నాయి. సత్యవాణికి వాటి మీద కూడా కోపం వచ్చింది. అసలు ఆ రోజు ఆమెకి కోపం రానిది లేదు. అన్నిటికంటే ఎక్కువ కోపం సొంత ఊరి మీద. పాలెంలో ఒక పద్ధతి ఉంది. పడవ ఒడ్డుకి రాగానే, వేలం పాట మొదలవకముందే, మొగుడు లేని ఆడదానికీ వేటకి పోలేని ముసలాడికీ దోసెడు చేపలు కూరకి పంచాలి. ఒక్కడే తింటే వల చిరుగుతుందని నమ్మకం. నా గొంతుని కూడా కూర పంచినట్టు పంచేశారన్నమాట, మా పిల్ల గొంతు వినండహో అని గొప్పకి మైకు పెట్టేశారన్నమాట అనుకుంటూ రాజోలు వరకూ పళ్ళు నూరుకుంది.

రాజోలులో ఆటో ఎక్కి మొగలిపాలెంలో దిగేసరికి ఎండ వాలింది. దిగిన చోటే దుర్గాశ్రీ ఎదురైంది. డిగ్రీ చదువుతున్న పక్కింటి పిల్ల. ‘మా ఊరి గొంతు’ అని పేరు పెట్టి ఆ వీడియో పెట్టింది ఆమే.

“పొద్దున్నే తీసేసేను అక్కా. నీకు పేరొస్తుందని పెట్టేను, నీ పని పోతుందని తెలీదక్కా” అంటూ ఆ పిల్ల నడిరోడ్డు మీద ఏడ్చింది. ఏడ్చే పిల్లని ఏమని తిడుతుంది? తిట్లన్నీ వదిన కోసం దాచుకుని ఇంటికి నడిచింది.

యుగంధర్ అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళు చిరుగుని వెతుక్కుంటూ పోతున్నాయి, ముడి వేస్తున్నాయి. అతన్ని అలా పనిలో చూసి ఎన్నాళ్ళయిందో! కడుపు నిండినట్టయింది సత్యవాణికి. కోపం మాట మరిచిపోయి “అన్నయ్యా” అంది.

అతను తల తిప్పలేదు.

“అన్నయ్యా, నేను. వాణిని.”

ముడి బిగించి, దారం పంటితో కొరికి, తర్వాతి చిరుగు మీదకి చెయ్యి జరిపాడు. అలిగాడనుకుంది. దగ్గరికి పోబోతుంటే వెనక నుంచి తడిచెయ్యి ఒకటి ఆమె జబ్బ పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. తలుపులమ్మ. చంకలో నీళ్ళబిందె అలాగే ఉంది.

“మ్యాచ్ రోజున ఇక్కడేంటమ్మా?”

ఆ ఒక్క ప్రశ్నకి సత్యవాణి దాచుకున్నదంతా కట్ట తెగింది. “నా పనికి నీళ్ళొదిలి వచ్చాను వదినా! చెవిలో పెట్టమన్నాం. చెవిలో! తలుపేసుకుని వినమన్నాం. ఊరందరికీ పంచమన్నామా? ఇదేమన్నా చేపల కూరా, దోసెడు దోసెడు పంచుకోడానికి? మీ గొప్పలకి నా ఒక్కదాని పని పోయినా బాధ లేదు, అక్కడ అందరి నోట్లో మట్టి కొడుతున్నారు. తెలుస్తోందా నీకు?”

తలుపులమ్మ బిందె దింపి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమెకి కోపం రాలేదు. కోపం వచ్చే ఓపిక కూడా ఆ మొహంలో లేదు.

“కేకలెయ్యమ్మా. ఎంత గట్టిగా వేసినా పర్లేదు. మీ అన్నకి వినబడదులే.”

ఎత్తిపొడుపనుకుంది సత్యవాణి. మళ్ళీ నోరు తెరిచి, సగంలో ఆగిపోయింది. “ఏంటి వదినా?”

“ఇందాక పిలిచేవు. తిరిగేడా?”

పెరట్లో కోడి ఒకటి బిందె చుట్టూ తిరుగుతోంది. సత్యవాణి దాన్నే చూస్తూ నిలబడింది. వినకూడని మాట వచ్చేస్తోందని తెలిసి, వదిన మొహం చూడ్డం ఇష్టం లేక.

“కుడిచెవి ఆ పేలినప్పుడే పోయింది. అది నీకూ తెలుసు” అంది తలుపులమ్మ. “ఎడంది కూడా పోతా ఉందంట. అమలాపురం డాక్టరు గారు చెప్పేరు. లోపల నరం చచ్చిపోతందంట, మిషన్ పెట్టినా లాభం లేదంట. ఇప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే వినబడతది. రేపోమాపో అదీ ఉండదన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్తే అక్కడ కూర్చుని ఏం మాట్లాడతావు? నీ గొంతు వణికితే ఆయన పసిగట్టడా?”

సత్యవాణి నూతి గట్టు మీద కూలబడింది. తలుపులమ్మ చెప్పుకుపోయింది. ఎవరికీ చెప్పుకోలేక దిగమింగినదంతా ఇప్పుడు వరసగా వస్తోంది.

“మొదట్లో చెవిలో పెట్టుకునే వినేవాడమ్మా. ఒకరోజు ‘ఫోను పాడైనట్టుందే’ అన్నాడు. అవునన్నాను. ఇంకోరోజు వైరు తెగిందన్నాను. ఆ తర్వాత నెట్ లేదన్నాను. రోజుకో అబద్ధం. ఓసారి అలాగే ‘నెట్ లేదు’ అంటుంటే నా మొహమ్మీద చెయ్యేసి చూసేడు. చేతికి తడి తగిలింది. అర్థమైపోయింది. ‘ఇంకెప్పుడూ నెట్ మీదకి తొయ్యకు, ఉన్నదున్నట్టు చెప్పు’ అని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆ సంగతి విని బుల్లియ్య బాబాయ్ మైకుసెట్టు తెచ్చి ఫోను దానికి తగిలించేడు. ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఎడంచెవి దానికి ఆనించి వింటాడు. సగం చెవితో, సగం చేత్తో. గొప్పకి కాదమ్మా. ఆయనకి వినబడేంత గట్టిగా పెడితే ఊరికి వినబడకుండా ఎలా ఉంటది?”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనమంతా నవ్వుతూ వాడతాం. అది నవ్వే మాట కాదని సత్యవాణికి ఆ నూతి గట్టు మీద తెలిసింది. రేడియో వాళ్ళు గీసిన గీతని దాటడానికి మణిశంకర్‌కి కాసేపు పట్టింది. అన్న చెవుల్లో గీస్తున్న గీతని దాటించే యాప్ ఎవరి దగ్గరా లేదు.

తలుపులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. “సాయంత్రం లోపు ఏం చెయ్యాలన్నారు మీవాళ్ళు?”

“ఆ యాప్ తీసెయ్యాలి. మైకులో నా గొంతు వినబడకూడదు. వినబడితే రేడియో మూసేస్తారు. మణిశంకర్ భార్యకి నెలలు నిండాయి వదినా.”

తలుపులమ్మ రవికలోంచి ఫోను తీసి ఇచ్చింది. “తీసెయ్యి.”

“వదినా...”

“తీసెయ్యమ్మా. నెలలు నిండిన పిల్ల ఉందంటున్నావు కదా అక్కడ. ఎవరి ఉసురో పోసుకుని వింటే ఆయనకి మాత్రం అరుగుతుందా?”

సత్యవాణి తీసేసింది. వేలితో నొక్కి పట్టుకుంటే ఆ బొమ్మ కాస్త వణికి మాయమైంది. తన వేళ్ళ మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత రేడియో గుర్తు నొక్కి చూసింది. ‘ఈ ప్రసారం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.’ అయిపోయింది. మణిశంకర్ బతికాడు, శశిభూషణ్ మాట నిలబడింది.

“నేను వచ్చినట్టు అన్నయ్యకి చెప్పకు. మ్యాచ్ రోజున ఇక్కడున్నానని తెలిస్తే అన్నీ తెలిసిపోతాయి. ఇవాళ మ్యాచ్ లేదని చెబుదాం.”

“ఉందని పొద్దున్నే బుల్లియ్య బాబాయ్ చెప్పేసేడు. అప్పట్నుంచి హుషారుగా ఉన్నాడు. గెడ్డం కూడా గీయించుకున్నాడు.”

ఇద్దరూ ముందువైపుకి వచ్చేసరికి అరుగు మీద వల ఒక్కటే ఉంది.

వలలు బాగుచేసుకునే షెడ్డు ఇంటికి ఎదురుగా ఇసకలో ఉంది. జనం అప్పటికే చేరారు. రొయ్యల తట్టలు పక్కన పెట్టుకుని ఆడవాళ్ళు, బీడీలు ఆర్పేసి మగవాళ్ళు. ఆట మీద ఆసక్తి ఉన్నవాళ్ళు అందులో సగం మంది కూడా లేరు. యుగంధర్ మొహం చూడ్డానికి వస్తారు వాళ్ళు. ఆ మొహంలో పాత యుగంధర్ వచ్చి పోతుంటే చూసి సంతోషపడి పోతారు. అతను మధ్యలో, పెట్టె పక్కన పీట మీద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అరచెయ్యి పెట్టె మీద ఉంది.

పెళ్ళిళ్ళకి మైకు అద్దెకిచ్చే ముసలాయన బుల్లియ్య, సెట్టు ఆన్ చేసి ఫోను కోసం చెయ్యి చాపాడు. తలుపులమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమె వెనక నిలబడ్డ సత్యవాణిని చూశాడు. చాపిన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

“నీ పనికే ఎసరు పెట్టేమా అమ్మాయ్?” అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. మాట మామూలుగా అన్నా యుగంధర్‌కి వినబడదని ఊరందరికీ తెలుసు. తెలియనిది, ఇంతవరకూ, సత్యవాణికే.

ఒకరి నుంచి ఒకరికి సంగతి పాకింది.  పెట్టె ఒక్కటే సన్నగా గుయ్యిమంటోంది. దుర్గాశ్రీ చేతిలో ఫోను తెర మీద ఆట మొదలైంది, చప్పుడు లేని బొమ్మల ఆట.

యుగంధర్ నవ్వుమొహంతో ఎదురుచూశాడు. చెయ్యి కొంచెం జరిపి చూశాడు. వంగి ఎడంచెవి పెట్టెకి ఆనించాడు. తల ఎత్తి, వేలితో చెవి తుడుచుకుని, మళ్ళీ ఆనించాడు. నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ సరిగ్గా చూడలేదు.

“టాస్ అయిపోయిందా?” అని అడిగాడు. తన మాట తనకి వినబడదు కనక గట్టిగానే అడిగాడు.

ఎవరూ పలకలేదు. పలికినా అతనికి తేడా లేదు.

“పెట్టె చేతికి గుయ్యిమంటంది. కరెంటుంది” అన్నాడు, తనకి తానే లెక్క చెప్పుకుంటున్నట్టు. “తలుపులూ, ఎక్కడున్నావు? ఇటు రా. నెట్ సంగతి చెప్పకు, ఒట్టేసేవు. ఒక్కటే చెప్పు. మా చెల్లి మాట్లాడతందా, లేదా?”

తలుపులమ్మ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. నోరు అతని చెవి దాకా తీసుకెళ్ళింది. మాట రాలేదు. మాట్లాడుతోందంటే అతని ఆఖరి చెవి ఈ సాయంత్రమే పోయినట్టు. లేదంటే ‘ఎందుకు మాట్లాడడం లేదు’ అని అడుగుతాడు, తన కోసమే చెల్లెలి పని పోయిందని నిజం చెప్పాలి, ఆ తర్వాత అతను జన్మలో ఆ గొంతు వినడు. అటు నుయ్యి, ఇటు గొయ్యి అంటారే, అంతకన్నా కష్టం. రెండింట్లోనూ పడేది యుగంధరే.

అతను ఆమె చెంప మీద చెయ్యి వేశాడు. చేతికి తడి తగిలింది.

“సర్లే” అన్నాడు.

అంతే. అరవలేదు, ఏడవలేదు. పెట్టె మీద నుంచి చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. “మొన్నటి మ్యాచ్ దాకా విన్నాను. బాగానే విన్నాను. అది చాల్లే. బాబాయ్, ఈ పెట్టె పట్టుకెళ్ళిపో. నాకెందుకింక? పెళ్ళిళ్ళకి పనికొస్తది.” కండువా భుజాన వేసుకుని లేచాడు. లేస్తూనే తల వాలిపోయింది. ఆ వాలడం సత్యవాణికి తెలుసు. గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆ తల అలాగే ఉండేది.

 

బుల్లియ్య వైరు విప్పుకుంటూ వచ్చి, పెళ్ళిళ్ళలో ఆహ్వానం పలికే ఇనప మైకుని సత్యవాణి చేతిలో పెట్టాడు. దుర్గాశ్రీ తన ఫోను ఆమె కళ్ళ ముందు పట్టుకుంది. తెర మీద బౌలర్ పరుగెత్తుతూ వస్తున్నాడు. చెప్పడానికి కావలసినదంతా అక్కడుంది. రేడియో అక్కర్లేదు, సింగపూర్ అక్కర్లేదు. గొంతు ఒక్కటే కావాలి.

అప్పుడు తల ఎత్తి చూసింది. షెడ్డు అంచున కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి. పాపం, వాళ్ళకి దురుద్దేశం లేదు. ఊళ్ళో ఎవరు ఏడ్చినా, ఎవరు నవ్వినా తీయడం వాళ్ళకి అలవాటు. “తియ్యకండ్రా!” అని దుర్గాశ్రీ అరిచింది. కొన్ని దిగాయి. కొన్ని దిగలేదు. ‘ఎవరో ఒకరు వీడియో తీసి పెట్టారంటే...’ అన్న శశిభూషణ్ మర్యాద గొంతు ఆమె చెవిలో మోగింది. మణిశంకర్ ఇప్పుడు పరుపుల గదిలో, తన కుర్చీలో వీరబ్రహ్మాన్ని కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు పెట్టుకుని ఉంటాడు. ఇక్కడ ఆమె నోరు విప్పితే, తెల్లారేసరికి అతనికి కూర్చోడానికి ఆ గది ఉండదు.

యుగంధర్ గుంజ తడుముకుని, ఇంటివైపు దారి పట్టబోతున్నాడు.

సత్యవాణి బొటనవేలు మైకు మీటని ముందుకి తోసింది. పెట్టె ఖట్టుమంది.

ఆ అదురు చేతికి తగిలి, గుంజ పట్టుకున్న యుగంధర్ ఆగిపోయాడు. ఎడంచెవి ఇటు తిప్పాడు.